గట్టు మీద పెట్టిన ఒట్టు

ఏరు దాటించే పంటు కదిలింది కాని గోదావరి కనిపించడం లేదు. ఇంజను చప్పుడు ఉంది, తడి తాళ్ళ వాసన ఉంది, స్కూటర్లు నిలబెట్టే చోట మాత్రం అమలాపురంలో స్రవంతి పనిచేసే ఫిజియోథెరపీ గదిలోని మంచాలు వరసగా ఉన్నాయి, వాటి మీద ఆమె దగ్గరికి వచ్చే గర్భిణులు పడుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. స్రవంతికీ ఏడో నెల. మంచాల మధ్య నిలబడి, రోజూ చెప్పేదే చెబుతోంది.

"పక్క మారాలంటే లేచి కూర్చోకండి. మోకాళ్ళు రెండూ కలపండి. భుజం, నడుం ఒకేసారి తిప్పండి. మొద్దు దొర్లినట్టు దొర్లండి."

"మరి నువ్వెలా తిరుగుతున్నావే?"

అడిగింది వరహాలమ్మ. చివరి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. స్రవంతికి మేనత్త, తల్లి లేని పిల్లను పెంచింది ఆమే. పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి పంటు మీద అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, పక్క మంచం అమ్మాయి ఆమెకు జామకాయ ముక్క కూడా ఇచ్చింది.

"నా సంగతెందుకులే అత్తా."

"ఎందుకేంటి? ఇదిగో అమ్మాయిలూ, మీ మేడమ్ ఇంట్లో లేచి కూర్చునే తిరుగుద్ది. మీకు మాత్రం దొర్లమని చెప్తాది!"

మంచాలన్నీ ఒక్కసారి నవ్వాయి. "అయితే మేం మొద్దులం, మీరు మహారాణా మేడమ్?" అంది జామకాయ అమ్మాయి.

అత్త చెప్పింది నిజమే. ఇంట్లో పక్క మారాలంటే స్రవంతి ప్రతిసారీ లేచి కూర్చుంటుంది, లేచినప్పుడల్లా తుంటి వెనక కీలు దగ్గర కత్తి దిగినట్టవుతుంది, పొద్దున గోడ పట్టుకోనిదే అడుగు పడదు. ఇలాగే సాగితే పురిటి దాకా నడవలేనని, పని మానుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. అయినా లేచే తిరుగుతుంది. పెళ్ళినాడు వరహాలమ్మ ఆమెను గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసి, స్రవంతి చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. కడుపుతో ఉన్నప్పుడు లేచి కూర్చోకుండా పక్క మారకూడదు, మారితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది, అందుకని ఒట్టు. స్రవంతి వేసింది.

"నీ తల మీద ఒట్టేశాను కదత్తా. ఎలా తప్పను?"

"తప్పితే ఏమవుద్ది?"

"నీకేదన్నా అవుతుందని..."

వరహాలమ్మ జామకాయ నమలడం ఆపి మేనకోడలి వంక చూసింది. "నేను పోనే పోయాను కదే పిచ్చిదానా! ఇంకా నాకేమవుద్ది?"

ఈసారి ఇంజను కూడా నవ్వినట్టయింది. పంటు ఊగింది, మంచాలు ఒకదానికొకటి తగిలాయి, నవ్వు ఆగేసరికి వాళ్ళిద్దరూ రేవు మెట్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు, అయినా పంటు పోతూనే ఉంది. వరహాలమ్మ గొంతు తగ్గించింది.

"ఒట్టు నీ కోసం కాదే. నా పిల్ల కోసం. నీకన్నా ముందు పుట్టాల్సింది. పేగు చుట్టుకునే పోయింది. ఆ రాత్రి ఒళ్ళు బద్ధకమై నేను లేవలేదు, పడుకునే తిరిగాను. మా అత్త అందరి ముందూ అంది, నువ్వే చేసుకున్నావని."

స్రవంతికి జవాబు తెలుసు. చదువుకున్నప్పటి నుంచీ తెలుసు. అత్త ఎప్పుడూ అడగలేదు, అడగని మాటకు జవాబు చెప్పడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"నువ్వు తిరిగితే పేగు చుట్టుకోదత్తా. లోపల నీళ్ళలో బిడ్డే తిరుగుతుంది, తన ఇష్టం వచ్చినట్టు. మనం లేచినా ఒకటే, దొర్లినా ఒకటే. నువ్వు చేసింది ఏమీ లేదు."

"ఏమీ?"

"ఏమీ లేదు."

"చదువుకునే చెప్తన్నావా, నన్ను ఊరుకోబెడతన్నావా?"

"చదువుకునే చెప్తున్నా."

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, ముక్కు చీదింది. "అయితే ఇలా తే ఆ ఒట్టు" అంటూ అరచెయ్యి చాపింది. స్రవంతి తన చెయ్యి విప్పి చూసుకుంది. ఒట్టు అందులోనే ఉంది, ఉప్పురాయంత. ఒట్టు తీసి గట్టున పెట్టడం చిన్నప్పుడు పిల్లలందరూ చేసేదే, దానికి కావలసిన గట్టు కూడా పంటు పక్కనే నడిచి వస్తోంది. వరహాలమ్మ వంగి దాన్ని గట్టు మీద పెట్టింది. గట్టు దాన్ని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చూపించు, ఎలా దొర్లాలో."

చూపించేలోపే అత్త పడుకుంది. మోకాళ్ళు కలిపింది, భుజం, నడుం ఒకేసారి తిప్పింది, దొర్లింది. పంటు చెక్కలు ఇసుకయ్యాయి. "ఓలమ్మో, బాగుందే ఇది!" అని ఇంకోసారి దొర్లింది, చీర నిండా ఇసుక, ఆమె వెనక గర్భిణులందరూ దొర్లుతున్నారు, స్రవంతీ దొర్లుతోంది, తుంటి ఉన్నట్టే తెలియడం లేదు, లోపల బిడ్డ కూడా వాళ్ళతో పాటు ఒక పల్టీ కొట్టింది. వరహాలమ్మ ఆగలేదు. ఇసుక తిప్ప అవతలికి దొర్లుకుంటూ పోయింది, నవ్వుతూనే పోయింది, పిలవాలని స్రవంతికి అనిపించలేదు.

తెల్లవారింది. స్రవంతి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా భర్త మురళి మొహం ఉంది. రాత్రి ఆమె అతనికి వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి పడుకుంది. రోజూ ఆమె లేచి కూర్చోబోయి మంచం కిర్రుమన్నప్పుడల్లా అతను లేచి ఆమె వీపుకు చెయ్యి ఆనించేవాడు, ఇప్పుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె కదలకుండా చూస్తూ ఉంది. కాసేపటికి అతను కళ్ళు తెరిచి కిటికీలో వెలుతురు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది? రాత్రి నన్ను లేపలేదే?"

"దొర్లాను" అంది స్రవంతి.