బుడతడి ఏడుపు

కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఇప్పుడు నేలకి అందుతున్నాయి, అంతే తేడా, లైట్లది అదే వేడి, మొహానికి అద్దే పౌడరుది అదే వాసన, చొక్కాకి మైకు తగిలిస్తున్న ఈ అమ్మాయి నన్ను సార్ అంటోంది గానీ అటు తిరిగి బుడతడు వచ్చేశాడు అని ఎవరికో చెప్పింది, ముసలాడికి వినపడదనుకుంది కాబోలు, డెబ్బై ఏడేళ్లొచ్చి మెట్లెక్కితే మోకాళ్లు మొరాయించే బుడతణ్ణి, ఏం చేస్తాం, ఆ సినిమాలో నాకు పేరు పెట్టలేదు మరి, యుద్ధానికి వెళ్లి తిరిగిరాని సిపాయి కొడుకు, బుడతడు, అంతే, ఆ ఒక్క సినిమాతో నెత్తినెక్కి కూర్చున్న పేరు మళ్లీ దిగలేదు, ఇప్పుడు దాన్ని కడిగి తుడిచి డిస్కు మీద కొత్తగా విడుదల చేస్తారట, రెండో డిస్కులో నా ముచ్చట్లు, అంత ఏడుపు ఎలా ఏడ్చారు సార్, అదొక్కటి చెప్పండి చాలు అంటోంది, అందరూ అడిగేది అదే, ఇన్నాళ్లూ నవ్వేసి తప్పించుకున్నాను, ఈసారి చెప్తాను, చెప్పడానికే వచ్చాను.

ఆ దర్శకుడు, అందరూ తలకెత్తుకుని పొగిడే ఆ పెద్దమనిషి, ఆరేళ్లవాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మీ అమ్మ వెళ్లిపోయిందిరా, నువ్వంటే విసుగెత్తిపోయిందట, ఇక రాదు అన్నాడు, చల్లగా, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా, ఆ మాట వినగానే నేను తలుపు బాదుతూ అమ్మా అమ్మా అని, లైట్లు కళ్లలో పడుతుంటే వాటి వెనక అంతా చీకటి, కెమెరా తిరుగుతోందని కూడా నాకు తెలీదు, నటనేంటి నా మొహం, సాయంత్రం అమ్మ వచ్చి ఎత్తుకుంది, నన్ను వీధి చివర కూర్చోబెట్టార్రా నాన్నా, నాకేమీ వినపడలేదు, నేనుంటే జరగనిచ్చేదాన్నా అంది, ఎన్నిసార్లు చెప్పిందో ఆ మాట, కొత్తగా కాపురానికొచ్చిన నా భార్యకి చెప్పింది, మంచాన పడ్డాక నర్సుకి చెప్పింది, నేనుంటే జరగనిచ్చేదాన్నా, నిజమే, ఎలా జరగనిస్తుంది, నేను పిలిస్తే పరుగెత్తుకొచ్చే మనిషి లోకంలో ఒక్కర్తి ఉంది, వినపడక రాలేదు, అంతే, ఆ ధైర్యంతోనే ఇంతవాణ్ణయ్యాను, ఆయన మీద పళ్లు నూరుకుంటూ, ఆయన పోయాడని కబురొస్తే చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంట్లోనే కూర్చున్నాను.

ముందు ఇది చూడండి సార్, మాట్లాడటానికి బావుంటుంది, అంటున్నాడు బొమ్మ శుభ్రం చేసే బట్టతలాయన, తెర నావైపు తిప్పుతూ, మురిసిపోతున్నాడు పాపం, ఆరు నెలలు మచ్చలు తుడిచాడట, అదిగో తలుపు, అదిగో నేను, ఎంత పిల్లాణ్ణి, పాత ప్రింట్లలో ఈ బీరువా అద్దం నల్లగా మసిపట్టి ఉండేది కదా సార్, నెగటివ్ దొరికింది గనక ఇప్పుడు తేటగా వచ్చింది, కానీ చిన్న తంటా, అద్దంలో ఎవరో ఆడమనిషి పడింది, కెమెరా పక్కనే, యూనిట్ మనిషై ఉంటుంది, అప్పట్లో ఎవరూ చూసుకోలేదు, మీరు ఊ అంటే చెరిపేస్తాం, ఎవరికీ తెలీదు, అంటున్నాడు.

చేతిసంచీ రెండు చేతులా పొట్టకి అదుముకుని, ఎడమ భుజం కాస్త వాల్చి, కాదు, అలా నిలబడేవాళ్లు ఊరంతా ఉంటారు, మళ్లీ వెయ్యండి, ఇంకోసారి, కాదు, కాదు, బడి బయట నాకోసం అలాగే నిలబడేది, అలాగే, దేవుడా, మా అమ్మే, నేను తలుపు బాదగానే ఒక అడుగు ముందుకేసింది, ఎవరో ఆపి ఉంటారు, ఆపాలి, ఏదీ చెయ్యి, ఎవరి చెయ్యీ లేదే, మళ్లీ వెయ్యండి, ఒక అడుగు, అంతలో తనే ఆగింది, కెమెరా వైపు చూసింది, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది, నాన్న లేడు, ఇల్లు గడవాలి, నాకు తెలీదా, ఏమేం చెప్పి ఒప్పించారో, ఎంత ఏడ్చిందో ఇంటికెళ్లాక, అన్నీ ఒప్పుకుంటాను, కానీ వీధి చివర అని ఎందుకు చెప్పావమ్మా, చచ్చేదాకా.

సార్, మంచినీళ్లిమ్మంటారా, ఈ అమ్మాయి, మొదలుపెడదామా సార్, చెరిపేయమంటారా సార్, ఈయన, చెరిపేయండి అన్నాను, నా గొంతేనా ఇది, ఎంత మామూలుగా వచ్చిందో, చెరిపేస్తారు, బీరువా అద్దంలో ఖాళీ గోడ మిగులుతుంది, చూసేవాళ్లంతా నా ఏడుపే చూస్తారు, బాగా ఏడ్చాడు బుడతడు అంటారు, ఎర్ర దీపం వెలిగింది, చెప్పండి సార్ అంటోంది, ఏం చెప్పను, ఎవరి మీద చెప్పను, నేను పిలుస్తుంటే వినపడింది అమ్మకి, ప్రతి పిలుపూ వినపడింది, విని నిలబడింది.