రెండో చెవి

"ప్రాణం పోయిందా? అయ్యయ్యో! ఎప్పుడండీ?"

తాళంచెవులు కోసే మిషను కీచుమంటుండగానే చెవులాయన ఫోను ఎత్తాడు. అదీ తొందరలో ఎడమ చెవికి ఎత్తాడు. ఆ చెవి ఆయన ముఖానికి నిండుదనం కోసం ఉందే తప్ప వినడానికి కాదు.

"రాత్రి పోయింది," అంది ఫోను. ఆ గొంతు వీధి మొత్తానికీ వినపడుతోంది, ఆయనకు తప్ప. "ఇల్లంతా వెతికాం. దొరకలేదు."

"పోయాక వెతికితే ఎక్కడ దొరుకుతుందండీ, మన పిచ్చిగానీ!"

"కొత్తది వేయించాలి. ఎంతసేపు పడుతుంది?"

చెవులాయన నోరు తెరిచాడు. పక్క కొట్లో ట్యూబు రుద్దుతున్న పంక్చరాయన పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చి, ఫోను లాక్కుని ఆయన కుడి చెవికి అంటించాడు. "ప్రాణం కాదు బావా, తాళం! కారు తాళం! ఆయనేమో కీ అంటుంటే నువ్వు కీడు దాకా వెళ్ళిపోయావు."

కుడి చెవిలోకి గొంతు సూటిగా దిగింది. "పాత కీ ఎవరి దగ్గరైనా ఉంటే? దాన్ని చంపెయ్యగలవా?"

"చంపెయ్యొచ్చు సార్. కొత్తది నేర్పేటప్పుడు పాతవన్నీ మరిచిపొమ్మని బండికి చెబితే చాలు. ఆ తర్వాత అవి ఉత్త ఇనప ముక్కలే."

"అయితే వచ్చి చంపు."

"పొద్దున్నే ఇదేం చావు బేరం అన్నా," అని టీ అక్క గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది.

తాళంచెవులు చేస్తాడు కాబట్టి చెవులాయన. ఉన్న రెండింట్లో పనిచేసేది ఒక్కటే కాబట్టి, ఆ బహువచనం కేవలం మర్యాద కోసం. అరచేతి గీతల్లో ఇత్తడి పొడి ఎంత కడిగినా పోదు. అదృష్టరేఖ మాత్రం నిజంగానే బంగారంలా మెరుస్తుంది. వెనకాల చెక్క మీద మేకులకు కీలు వేలాడుతుంటాయి. పాతకాలపు ఇనప కీ ఉంది, పళ్ళు తప్ప బుర్ర లేనిది. చిప్పు కీ ఉంది. పళ్ళు సరిగ్గా కోసినా, తలలో దాగిన గింజంత చిప్పును బండి గుర్తుపట్టకపోతే ఇంజను కదలదు. మీట నొక్కగానే చాకులా బయటికి దూకే మడత కీ ఉంది, కోపిష్టి జాతి. అన్నిటికన్నా పైన బటను స్టార్టు కీ. దానికి పళ్ళే లేవు, జేబులో కూర్చునే పని చేయిస్తుంది, అచ్చం ఆఫీసరు. చివరి మేకుకు మాత్రం ఒక వంకర జడపిన్ను.

"అది ఏ బండిదన్నా?" అని టీ అక్క అడిగినప్పుడల్లా, "చాలా పాత మోడలు," అనేవాడు.

ఫోను చేసినాయన ఇంటి ప్రహరీ గోడలు ఎత్తుగా ఉన్నాయి. చెవులాయన లోపలికి అడుగు పెట్టగానే యజమాని గేటుకు మళ్ళీ తాళం వేశాడు. లావు మణికట్టు, నున్నటి గడ్డం, మెడ మీద గోళ్ళ గీతలు. బూడిద రంగు కారు పక్కన నిలబడి విరిగిన కీ ఒకటి అందించాడు.

"ఇది కింద పడి పగిలింది. రెండోది పోయింది."

నల్లటి ప్లాస్టిక్ తల రెండుగా చీలింది. చిప్పు ఎగిరిపోయింది. పళ్ళ మధ్య ఎండిన నెత్తురు, అందులో ఇరుక్కున్న పొడవాటి వెంట్రుక.

"గట్టిగానే పడినట్టుంది సార్," అన్నాడు చెవులాయన.

"నీ పని నువ్వు చూడు."

తల వంచుకుని చేతి మిషనుతో కొత్త కీకి పళ్ళు కోశాడు. ఇనుము తలకు తగిలితే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు తండ్రి పనికి పోతూ, అమ్మనూ తననూ లోపల పెట్టి తలుపుకు తాళం వేసేవాడు. అమ్మ ఒళ్ళంతా కమిలిన ఒక మధ్యాహ్నం, ఆమె జడలోని పిన్ను లాగి, వంచి, తాళం కన్నంలో తిప్పాడు. జీవితంలో తీసిన మొదటి తాళం అదే. అమ్మ వంగి ఎడమ చెవిలో ఏదో చెప్పి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. సాయంత్రం తండ్రి తాళాల గుత్తిని పిడికిలికి చుట్టుకుని అదే చెవి మీద కొట్టాడు. అమ్మ మాట లోపలే ఉండిపోయింది. దాని మీద తాళం పడింది. ఆ తర్వాత పని నేర్పినవాడూ ఆకురాయితో కొట్టే నేర్పాడు. చెవులాయన పెళ్ళి చేసుకోలేదు. "ఒంటి చెవితో సంసారం ఎలా చేస్తాం, సగం తిట్లు వృథా అయిపోవూ!" అనేవాడు.

డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు కింద వైరు తగిలించి, బండికి కీలు నేర్పే తన పెట్టె తెరిచాడు. అప్పుడు ఇంటి కిటికీ ఊచల వెనక ఒకామె కనిపించింది. కనుబొమ చీలి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. వాచిన పెదవులు కదిలాయి. గొంతు లేదు.

ఎడమ చెవి మోసం చేశాక, మనుషుల నోళ్ళు చూసి బతికినవాడు ఆయన. ఆమె మాట స్పష్టంగా అందింది.

దాన్ని చంపకు అన్నా.

చేతిలోని సబ్బుపొడి డబ్బా కొద్దిగా వంచింది. తెల్లటి పొడిలో నల్లటి కీ తల మెరిసి మాయమైంది. యజమాని వెనక్కి తిరిగేసరికి ఆమె ఊచలు తుడుస్తోంది.

"ఏం చూస్తున్నావే!" పక్కనున్న పూలకుండీ ఎత్తి కిటికీకేసి విసిరాడు. మట్టి, పెంకులు, వేర్లు గోడంతా చిమ్మాయి. ఆమె కనిపించలేదు.

పెట్టె తెర మీద ప్రశ్న వెలిగింది: పాత కీలు తీసెయ్యాలా? అవును. కాదు.

యజమాని భుజం మీదుగా వంగాడు. "చంపు."

"సార్, ఒక్కసారి బానెట్టు ఎత్తి పట్టుకోండి. బ్యాటరీ పక్కన ఎర్ర లైటు వస్తుందేమో చెప్పండి."

బానెట్టు లేచింది. ఆ మనిషి మొహం దాని వెనక్కి పోయింది. చెవులాయన 'కాదు' నొక్కాడు.

"ఏ లైటూ రాలేదే!"

"రాకూడదు సార్. రాలేదంటే చచ్చినట్టే."

కొత్త కీతో బండి స్టార్టయింది. యజమాని ఆయన కాలరు పట్టి పైకి లాగాడు. "పాతదాంతో ఈ బండి కదిలిందో, నిన్ను దీని కిందే తొక్కిస్తా. తెలిసిందా?"

"తెలిసింది సార్," అన్నాడు చెవులాయన. నిజంగానే తెలిసింది.

మధ్యాహ్నం స్కూలు వ్యానుకు కీ కోస్తుండగా, పంక్చరాయన భుజం పట్టి కుదిపాడు. "బావా, చూడు చూడు! ఎవరిదా కారు, యుద్ధం నుంచి వస్తోందా ఏంటి?"

బూడిద రంగు కారు. బానెట్టు నలిగి, ముందు అద్దం సాలెగూడులా పగిలి, బంపరుకు గేటు ఊచ ఒకటి వేలాడుతోంది. గేటు తాళానికి ఆమె దగ్గర చెవి లేదు. కారునే చెవి చేసుకుంది. హారను మోగిస్తూ ఎడమ వైపు నుంచి వెళ్ళిపోయింది. కీ కోసే మిషను రొదలో ఆ మోత ఆయనకు వినపడలేదు. మలుపు తిరిగే వెనక లైట్లు మాత్రం కనిపించాయి.

"అక్కా, ఈ పూటకి కొట్టు కట్టేసి ఇంటికి పో," అన్నాడు.

"నువ్వో?"

"వ్యాను కీ సగంలో ఉంది. పైగా ఒకాయన వస్తాడు. ఇక్కడ నేను కనపడకపోతే ఆ రోడ్డు పట్టుకుని పోతాడు."

టీ అక్కకు ముక్క అర్థం కాలేదు. పొయ్యి ఆర్పలేదు.

కారు యజమాని ఎవరిదో మోటారుసైకిలు వేసుకుని వచ్చాడు. దిగుతూనే పంక్చరు కొట్టు ముందున్న టైరు లీవరు అందుకున్నాడు. మొదటి దెబ్బకు చెక్క విరిగి కీలన్నీ వానలా రాలాయి. రెండోది కుడి చెవి మీద పడింది. మూడోది పక్కటెముకల మీద.

"చంపానన్నావు కదరా! అది కారెక్కి పోయింది! దాంతో కలిసి నాటకమాడావా?"

చెవులాయన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ మాటలు వినలేదు, పెదవుల మీద చూశాడు. "ఆమెకేం తెలీదు సార్. నా చెయ్యి జారింది, వేరే బటను నొక్కాను. పని చేతకాలేదు."

ఇంకో దెబ్బ పడింది. పంక్చరాయన గాలి పైపు అతని మెడకు వేసి వెనక్కి గుంజాడు. టీ అక్క మరిగే నీళ్ళు చేతి మీద కుమ్మరించింది. అతను కేకపెట్టి లీవరు వదిలాడు. వీధి అతని మీద పడింది. పోలీసులు వచ్చేసరికి కొట్టింది ఎవరో, కొట్టించుకున్నది ఎవరో పోల్చుకోవడం కష్టమైంది.

చెవులాయన స్టూలు మీద కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా అన్నా? ఆటో వస్తోంది," అంది టీ అక్క.

ఆయన ఆమె నోరు చూసి నవ్వాడు. "మిషను ఆపేశారా? భలే నిశ్శబ్దంగా ఉంది." ఆ మిషను ఎప్పుడో ఆగింది. వంగి, నేల మీది కీల మధ్య వెతికి జడపిన్ను తీసి, మిగిలిన చెక్క ముక్కకున్న మేకుకు తగిలించాడు. తర్వాత గోడకు తల ఆనించాడు. ఆటో వచ్చేసరికి, టీ అక్క ఆయన చేతిలో పెట్టిన టీ మీద మీగడ కట్టింది. గ్లాసు ఒలకలేదు.

"ఇన్నేళ్ళ పని," అని పంక్చరాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చాడు. "ఒక్క బటను తప్పు నొక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. కళ్ళు కూడా పోయినట్టున్నాయి, చెప్పుకోలేదు."

వీధి అదే నమ్మింది. కనుబొమ మీద కుట్లతో ఒకామె వచ్చి, మూసిన కొట్టు ముందు నిలబడే దాకా నమ్మింది.

"పొరపాటు కాదన్నా," అంది ఆమె, పంక్చరాయనతో. టీ అక్క గ్లాసులు కడగడం ఆపింది. రోడ్డవతలి వాళ్ళూ దగ్గరికొచ్చారు. "నా కీ నా దగ్గరే ఉంది. దాన్ని చంపొద్దని నేనే అడిగాను. కావాలనే బతకనిచ్చాడు. నన్ను కాపాడ్డానికే చేతకాలేదని చెప్పుంటాడు."

"అరిచినా సరిగా వినపడని మనిషమ్మా ఆయన," అన్నాడు పంక్చరాయన. "మీ ఆయన పక్కనే ఉండగా నువ్వడిగింది ఎలా విన్నాడు?"

"నేను గొంతు తీయలేదన్నా. పెదవులే కదిపాను. ఆ ఇంట్లో నేను ఎంత అరిచినా చుట్టుపక్కల చెవులన్నీ మూసుకునే ఉండేవి. ఆయనొక్కడే విన్నాడు."

ఎప్పుడూ ఏదో ఒక జోకు సిద్ధంగా ఉండే పంక్చరాయన తన నీళ్ళ తొట్టి ముందు కూర్చున్నాడు. ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగలు రాకపోయినా అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

కొట్టులోని కీలన్నీ తర్వాత ఇంకో కీల కొట్టువాడు మూటగట్టి తీసుకుపోయాడు. ఏ బండికీ పనికిరాదని వదిలేసిన వంకర జడపిన్ను ఒక్కటి, విరిగిన చెక్క మీద చివరి మేకుకు వేలాడుతూ ఉంది.