పేరు మార్చిన పిల్ల

గాబెస్ అనే రేవు పట్టణంలో చేపల బజారు వెనక ఉన్న చిన్న గ్రంథాలయాన్ని నజీబా ఇరవై ఎనిమిదేళ్లుగా చూసుకుంటోంది. పాత అధ్యక్షుడి కాలంలో ఏటా రాజధాని నుంచి ఒక కవరు వచ్చేది. అందులో పేర్లున్న పుస్తకాలన్నీ అరల్లోంచి తీసి, మూటగట్టి పంపెయ్యాలి. ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆమె కూడా అడగలేదు, పంపేసింది. ఒక్కసారి మాత్రం, తనకు బళ్లో పాఠం చెప్పిన తిజానీ మాస్టారు రాసిన గని కార్మికుల కథ ఆ జాబితాలో కనబడితే, ఇంటికి తెచ్చి కుస్‌కుస్ రవ్వ జాడీ అడుగున దాచింది. ఆ కథ రాసినందుకే మాస్టారు మూడేళ్లు జైల్లో ఉన్నాడు. అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాక ఆమె దాన్ని జాడీలోంచి తీసి, దులిపి, మళ్లీ అరలో పెట్టింది. మాస్టారు వచ్చి చేత్తో తడిమి చూసి, "వీడికి నాకంటే మంచి తిండే దొరికింది" అని నవ్వాడు.

ఇక ఆ కవర్ల పీడ వదిలిందనుకుంది నజీబా. రెండేళ్లు తిరక్కుండానే ఇబ్తిసామ్ పుస్తకం వచ్చింది.

ఇబ్తిసామ్ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఇరవై ఆరేళ్లుంటాయి. చిన్నతనంలో సాయంత్రాలన్నీ ఈ గ్రంథాలయంలోనే గడిపిన పిల్ల. ఆమె పెదనాన్న కూతురికి పదిహేడో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. జిన్ను పట్టిందని, భూతవైద్యం చేసే షేక్ మర్జూక్ దగ్గరకు తీసుకెళ్లారు. అతను నాలుగు రోజులు గదిలో పెట్టి, కర్రతో జిన్నును వదిలించాడు. ఐదో రోజుకి పిల్ల పోయింది. మెట్ల మీంచి పడిందని ఇంట్లోవాళ్లు చెప్పారు, ఊరు నమ్మినట్టు ఊరుకుంది. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్లు ఆ వీపు చూశారు. చూసినవాళ్లలో ఇబ్తిసామ్ ఒకతె. మూడేళ్లు మింగలేక కక్కలేక, చివరికి పుస్తకం రాసింది. పిల్ల పేరు మార్చింది, షేక్ పేరు మార్చింది. అయినా అది ఎవరి కథో ఊరందరికీ తెలిసిపోయింది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక మసీదు మెట్ల మీద ఎవరో ఆ పుస్తకం దైవదూషణ అన్నారు. శనివారం గ్రంథాలయానికి పదిమంది వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మీ మీద మాకు గౌరవం ఉంది. ఆ చెత్త తీసెయ్యండి" అన్నారు. చూస్తానంది నజీబా. వాళ్లు వెళ్లిన పావుగంటకి వీధి వైపు అద్దం పగిలింది.

సోమవారం మబ్రూకా వచ్చింది. చనిపోయిన పిల్ల తల్లి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు చదువు రాదు. పక్కింటి పిల్లతో చదివించుకున్నా. మూడో పేజీకే తెలిసిపోయింది. చెవి వెనకాల పుట్టుమచ్చ కూడా రాసింది."

"పేరు మార్చింది కదా, మబ్రూకా."

"పేరు మారిస్తే పిల్ల మారుతుందా? పుదీనా అమ్మేవాడు కూడా నా మొహంలోకి చూస్తున్నాడు, తల్లే తీసుకెళ్లి అప్పగించింది కదా అని. దాని వీపు నేనెవరికీ చూపించలేదు నజీబా. గుడ్డ కప్పి పంపా. ఇప్పుడు ఊరంతా చూసింది."

వెళ్లేముందు మబ్రూకా, "తీసెయ్, నీకు పుణ్యముంటుంది" అంది. వేడుకున్నట్టు కాదు, నీళ్లిమ్మన్నంత మామూలుగా.

సాయంత్రం ఇబ్తిసామ్ వచ్చి, పగిలిన అద్దం స్థానంలో కొట్టిన అట్టముక్క వైపు చూస్తూ నిలబడింది.

"నువ్వూ తీసేస్తావా అత్తా?"

"రాసేముందు మీ పెద్దమ్మని ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే వద్దనేది."

"అనేదే మరి."

"నిన్న డ్యూటీ దిగి వస్తుంటే షేక్ వాకిట్లో ఇద్దరు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు. ఆ పిల్లల్ని ఎవరడుగుతారు?" అంది ఇబ్తిసామ్. "పెద్దమ్మ బాధ నాకు తెలుసు. ఆ వీపు మీద నీళ్లు పోసింది నేనే."

గ్రంథాలయానికి అయిదుగురు సభ్యుల సంఘం ఉంది. దానికి పెద్ద తిజానీ మాస్టారే. అందుకే బుధవారం సమావేశానికి నజీబా కాస్త ధైర్యంగానే వెళ్లింది. టీలు తాగడం అయ్యాక మాస్టారు గ్లాసు పక్కన పెట్టి, "తీసేద్దాం" అన్నాడు.

"మాస్టారూ, మీరా ఈ మాట అనేది?"

"నేనే. ఈ సంగతి నాకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలీదు. నేను జైలు నుంచి వచ్చిన రోజు బస్టాండులో నాకోసం ఎవరున్నారనుకున్నావ్? ఎవరూ లేరు. పెళ్లాం అప్పటికే విడాకులు పుచ్చుకుంది. నా కథ చదివి ఒక్క గనిలో కూలీ పెరిగిందా చెప్పు. అద్దం పగిలితే వేయించొచ్చు. ఇబ్తిసామ్ తల పగిలితే ఏం చేస్తావ్?"

"అయితే కర్ర పట్టుకున్నవాణ్ణి వదిలేసి, చెప్పినదాని నోరు నొక్కుదామా?"

సభ్యుల్లో ఒకడు, బజారు వకీలు, నవ్వాడు. "మన వీరుడు రిటైరయ్యాడమ్మా, వదిలెయ్."

మాస్టారు అతని వైపు చూడనైనా లేదు. "నిషేధమని ఎవరన్నారు నజీబా? గొడవ చల్లారేదాకా బీరువాలో పెడదాం, అంతే. తల్లి కూడా అదే అడుగుతోందాయె."

"నాకొచ్చిన కవర్లలో కూడా నిషేధమనే మాట ఎప్పుడూ లేదు మాస్టారూ. 'పరిశీలన నిమిత్తం' అని ఉండేది."

వకీలు ఓటుకు పెడదామన్నాడు. తర్వాత చేతులెత్తారు. నలుగురొకవైపు, ఆమె ఒకవైపు. మాస్టారు వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకున్నాడు.

అరలోంచి మూడు ప్రతులు తీసింది నజీబానే. బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎంత తొందరగా అయిపోయిందో చూసుకుని తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. రాజీనామా ఇద్దామని కాగితం తీసింది. పింఛనుకి రెండేళ్లుంది. కాగితం మడిచి లోపల పెట్టేసింది.

బజారులో పుస్తకాల కొట్టువాడు కూడా ఆ పుస్తకం పెట్టడం మానేశాడు. ఆసుపత్రిలో కొందరు ఆడవాళ్లు ఇబ్తిసామ్ చేత సూది వేయించుకోడానికి ఒప్పుకోలేదు. ఆమె గ్రంథాలయానికి రావడం మానేసింది. గొడవ మాస్టారు చెప్పినట్టే చల్లారింది. షేక్ వాకిట్లో జనం పెరిగారు.

ఏప్రిల్‌లో, నిద్రలో అరుస్తోందని ఓ పన్నెండేళ్ల పిల్లని అతని దగ్గర మూడు రోజులు ఉంచారు. మూడో రోజు మధ్యాహ్నం దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి తెచ్చారు. డ్యూటీలో ఇబ్తిసామ్ ఉంది. డాబా మీంచి పడిందన్నాడు తండ్రి. దుప్పటి తీసి ఇబ్తిసామ్ పిల్ల వీపు చూసిందట. సూర్యుడు దిగేలోపే ఆ పిల్ల ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద మబ్రూకా కూర్చుని ఉంది.

"స్టేషన్‌కి వెళ్లాలి. నాతో వస్తావా? నాకు రాయడం రాదు" అంది.

స్టేషన్లో మబ్రూకా నిలబడే చెప్పింది. గది ఏ వైపుందో, కర్ర ఎంత పొడవో, లోపల్నుంచి పిల్ల తనని ఎన్నిసార్లు పిలిచిందో, తను గోడ ఇవతల కూర్చుని చెవులు మూసుకున్న సంగతి, అంతా చెప్పింది. నజీబా పక్కన కూర్చుని రాసింది. పుస్తకంలో కూడా లేని మాటలవి. ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా?" అన్నాడు.

"సిగ్గేసింది బాబూ" అంది మబ్రూకా.

మనుషుల్ని పంపారు. షేక్ ఇంటికి తాళం వేసి ఉంది. ముందురోజే సరిహద్దు దాటి లిబియా వెళ్లిపోయాడని పక్కవాళ్లు చెప్పారు.

అక్కణ్ణుంచి మబ్రూకా సరాసరి చనిపోయిన పిల్ల ఇంటికి నడిచింది. నజీబా వెంట వెళ్లింది. వాకిట్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. మబ్రూకా ఆ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకుంది. ఆ తల్లి తలెత్తి, ఎవరో గుర్తుపట్టి, మెల్లిగా చేతులు లాక్కుంది.

"నీకు ముందే తెలుసు కదా" అంది.

మబ్రూకా లేవలేదు. నజీబా గుమ్మం అవతలే ఆగిపోయింది. ఎవరో లోపలికి రమ్మని పిలిచారు. పుస్తకాల బీరువా తాళంచెవి సంచిలో పెట్టుకుని ఆమె వెళ్లలేకపోయింది.