అడ్డం ఫ్రేములో తాటిచెట్టు

వైడ్ షాట్ ఒకటి, చెట్టు మొత్తం మనిషితో సహా కనిపించాలి. మిడ్ షాట్ ఒకటి, నడుము నుంచి తల దాకా. ముఖం క్లోజప్. చేతులూ కత్తీ ఇంకా దగ్గరగా. మొదలు నుంచి కొస దాకా కెమెరాను మెల్లగా పైకి లేపుతూ టిల్ట్ అప్. మధ్యమధ్య అతికించడానికి కటవే షాట్లు మూడు: కల్లు లొట్టి, చెట్టెక్కే మోకు, పాదాలు. ఇరవై సెకన్ల బైట్. చివర రిపోర్టర్ కెమెరాను చూస్తూ మాట్లాడే పీటూసీ. అన్నీ మధ్యాహ్నం రెండింటిలోపు జగిత్యాల డెస్కుకు చేరాలి.

టీవీ ఛానల్ డెస్కులో పనిచేసే శ్రావణ్ ఈ జాబితాను వాట్సాప్‌లో పంపాడు. మనీషా దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుని ఒక్కోదాని పక్కన చిన్న డబ్బా గీసుకుంది. ఈ స్టోరీ సాయంత్రం బులెటిన్‌లో పడితే కోరుట్ల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్ పని ఆమెది. పడకపోతే ఇంకొకరిది. వాళ్ల ఇంట్లో మొదటి డిగ్రీ మనీషాదే. అయితే పట్టా చేతికొచ్చి రెండేళ్లయినా అది ఇనుప బీరువా దాటి బయటికి రాలేదు.

స్టోరీ కోసం ఆమె దూరం పోలేదు. కొత్తగా తాటిచెట్టు ఎక్కేవాళ్లు కరువవుతున్నారన్నది విషయం. ఎక్కేవాడు ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి రాజలింగం యాభై నాలుగేళ్ల మనిషి, రాయికల్ దారిలో పదకొండు చెట్లకు కల్లు గీస్తాడు.

తెల్లారగానే తల్లి మొగిలవ్వ ఇస్త్రీ అంగీ పట్టుకుని వాకిట్లో నిలబడింది. "గా చినిగిన బనీన్ తోనే టీవీల కనవడ్తవా? గీ తెల్లంగి ఏస్కో."

"తెల్లంగేస్కొని ఎక్కితే కల్లు గీస్తున్ననంటరా, ఓట్లడుగుతున్ననంటరా?" అన్నాడు రాజలింగం. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "గీ బైట్ అంటే ఏంది బిడ్డా?"

"నువ్వు మాట్లాడుడే, బాపు."

"మాట్లాడుడు అంటే సరిపోకపాయెనా? దానికి మల్లొక పేరా!"

మొదటి చెట్టు దగ్గర మనీషా ఫోన్‌ను నిలువుగా పట్టింది. వేరు నుంచి మట్టల దాకా చెట్టు అందులో కొలిచినట్టు ఒదిగింది. మధ్యలో తండ్రి, నడుం చుట్టూ మోకు, వెనక లేత ఎండ. మురిసిపోయి వెంటనే పంపించింది.

తొమ్మిదింటికి శ్రావణ్ ఫోన్ చేశాడు. "మనీషా, మీ ఇంట్ల టీవీ నిలువుంటదా, అడ్డముంటదా?"

"అడ్డమే అన్నా."

"మరి చెట్టు?"

"నిలువు."

"గదే మన కష్టం. అటిటు నల్లపట్టీలొచ్చినయి. ఫోన్ అడ్డం పట్టి మల్ల తియ్యి."

అప్పటికి రాజలింగం పదకొండు చెట్లూ గీసి కిందికి దిగాడు. పొద్దున గీసిన చెట్టును మళ్లీ సాయంత్రం గానీ ఎక్కడు. విషయం చెబితే తల గోక్కున్నాడు. "ఇరవై తొమ్మిదేండ్ల సంది ఒట్టిగ చెట్టెక్కింది లేదు. సరే తియ్యి, నీ కోసం ఎక్కుత."

మనీషా ఫోన్‌ను అడ్డంగా పట్టింది. చెట్టు పట్టలేదు. వెనక్కి నడిచింది. ఒడ్డు దాటింది, మడి దాటింది, ఇంకో ఒడ్డు మీద నిలబడితే గానీ మట్టలు ఫ్రేములోకి రాలేదు. తండ్రిని కొంచెం ఇటు తిరగమని అరుద్దామనుకుని నోరు నొక్కుకుంది. చెట్టు మీదున్న మనిషిని పిలవకూడదని ఆ ఇంట్లో కట్టడి. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే పట్టు తప్పుతుంది.

వీడియో పంపాక శ్రావణ్ మళ్లీ ఫోన్ చేశాడు. "చెట్టు మస్తున్నది. మనిషేడి?"

"పైన మట్టల కింద ఉన్నడన్నా."

"ఒక చీమైతే కనవడ్డది. గది మీ బాపేనా?" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "చూడు, దగ్గర నిలవడి టిల్ట్ అప్ తియ్యి. ఇంకొక్కసారి ఎక్కమను. ఎక్కే షాట్ లేకుంటే మా డెస్కు సార్ స్టోరీనే పక్కన వెడ్తడు. పదకొండైంది, జల్ది."

ఆమె మళ్లీ మళ్లు దాటి వచ్చేసరికి రాజలింగం చెట్టు నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తొడ కండ దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. కూతురు చూస్తోందని దాని మీద తువ్వాల వేసుకున్నాడు.

"ఏమన్నడు? మల్ల ఎక్కాల్నా?" అంటూనే మోకు అందుకున్నాడు.

"ఎక్కుతడు, ఎందుకెక్కడు? గిప్పుడు హీరో అయ్యిండు గదా!" అంది మొగిలవ్వ. ఎకసెక్కమాడుతున్నా చూపు మాత్రం మొగుడి కాళ్ల మీదే ఉంది.

మనీషా తండ్రి చేతిలోంచి మోకు తీసుకుంది. "వద్దు బాపు. అయిపోయింది."

"అబద్ధం. నీ బుక్కుల డబ్బా ఖాళీగున్నది."

"ఉండనీ."

"నౌకరీ పోతది గదనే."

"పోతే పోనీ. నువ్వు కూసో."

తక్కినవన్నీ నేల మీదే తీసింది. కత్తి పట్టిన చేతులు, పగిలిన పాదాలు, మోకు ఒరుసుకుని నల్లగా కాయ కాసిన ఛాతీ. బైట్ కోసం ఫోన్ ఎదురుగా పెడితే రాజలింగం కాసేపు గొంతు సవరించుకున్నాడు. "నేను మొదాలు ఎక్కిననాడు మా నాయిన కింద నిలవడ్డడు. ఒక్క మాట మాట్లాడలే. గిప్పుడు నేను కింద నిలవడుదామంటే పైకి ఎక్కేటోడు లేడు." అంతే, ఆపేశాడు. పద్నాలుగు సెకన్లు వచ్చింది.

పీటూసీ మొగిలవ్వ తీసింది. మొదటిసారి మనీషా తల ఎగిరిపోయింది, రెండోసారి తల్లి వేలు పడింది, మూడోది కుదిరింది. ఒంటిగంటా యాభైకి అన్నీ పంపి, కింద రాసింది: "టిల్ట్ అప్ లేదన్నా. మా బాపును మూడోసారి ఎక్కియ్య." శ్రావణ్ "చూస్త" అని మాత్రం పెట్టాడు.

ఏడింటి బులెటిన్‌లో సగం అయ్యాక స్టోరీ పడింది. మొదటి షాట్ ఒక తాటిబోదె. కెమెరా మెల్లగా పైకి పోయింది. పైన ఒక మనిషి ఎక్కుతున్నాడు, ముఖం మోచేయి చాటున ఉంది. మూలన చిన్నగా "ఫైల్" అని రాసి ఉంది, అంటే ఎప్పుడో తీసి దాచిన పాత షాట్.

"ఎవరాయన? మీ బాపు గాదు గదా!" అంది మొగిలవ్వ.

రాజలింగం లేచి టీవీ దగ్గరికి పోయాడు. "ఎడమచేతి వాటమోడు. మోకు జెర వదులుగ కట్టిండు. గని మంచిగ ఎక్కుతుండు." ఆయన మాట ముగిసేలోపే ఆ మనిషి పోయి, తెర నిండా రాజలింగం చేతులు వచ్చాయి. ఆ తర్వాత ఆయన మాట, చివర్లో మనీషా.

స్టోరీ అయిపోగానే శ్రావణ్ ఫోన్. "సార్‌కు ఆ ఛాతి క్లోజప్ నచ్చింది. రేపొచ్చి కోరుట్ల మైకు తీస్కపో."

మొగిలవ్వ చక్కెర డబ్బా కోసం లోపలికి ఉరికింది. మనీషా మాత్రం ఫోన్ పెట్టేయలేదు. "అన్నా, ఆ చెట్టు మీదాయన ఎవరు?"

"ఫైల్ షాట్ గదా, పేరుండదు. 'కోనరావుపేట, గీత కార్మికుడు, టిల్ట్ అప్' అని ఉన్నది. సిరిసిల్ల స్ట్రింగర్ ఎప్పుడో పంపిండు."

ఆ మాట తండ్రికి చెప్పింది. రాజలింగం నోట్లో చక్కెర అట్లాగే ఉంచుకుని, "పాపం, ఆయన్ను ఎన్నిమాట్ల ఎక్కిచ్చిండ్రో!" అన్నాడు.

మనీషాకు ఆ పేరు ఇంకా దొరకలేదు. సిరిసిల్ల వాళ్లు కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉంది. కల్లు వార్త వచ్చినప్పుడు మీ టీవీలోనూ ఆయన నాలుగు సెకన్లు కనిపించవచ్చు. ఎడమచేతి వాటం, ముఖం మోచేయి చాటున, మోకు కొంచెం వదులు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆయన్ని జర యాది పెట్టుకోండి.