పన్నెండో ప్రశ్నకు జవాబు

మా తమ్ముడి వైకల్య భృతి దరఖాస్తు నాలుగు నెలలుగా కదలకపోవడానికి కారణం ఆఫీసువారి అలసత్వమేనని నమ్మాను. కాదని గురువారం ఉదయం తెలిసింది. ఆ ఆఫీసు గోడకు అంటించిన నియమాల కాగితాన్ని ఆసాంతం చదివాను. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందినవారి దరఖాస్తులను అత్యవసర జాబితాలో చేర్చి, వారంలోగా తేల్చాలట. ఆ వారపు జాబితాను ఆనాడే ఒంటిగంటకు మూసేస్తారట.

తమ్ముడు దర్జీ, పక్షవాతంతో కుడిచేయి పడిపోయాక కత్తెర పట్టలేదు. వచ్చే వారం శుక్రవారానికి ఇల్లు వదలాలన్న నోటీసు రెండు వారాల కిందటే వచ్చింది. అయితే, అంతకుముందు మాత్రం ఈ దరఖాస్తును ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? తమ్ముడిచ్చిన అధికార పత్రం చూపించి ఫైలు తెప్పించుకున్నాను. పన్నెండో ప్రశ్న: “ప్రస్తుతం ఇల్లు ఎలా గడుస్తోంది?” దాని కింద ఎడమచేతి వంకర అక్షరాలు: “దేవుడి దయవల్ల ఏ ఇబ్బందీ లేదు.”

వెంటనే ఫోన్ చేశాను.

“ఒరేయ్, పన్నెండో ప్రశ్నకి ఏం రాశావురా?”

“మర్యాదగానే రాశానక్కా. కడుపు చించుకుంటే కాళ్లమీదే పడుతుందిగా!”

“చించుకోకపోతే వచ్చే శుక్రవారం మీరిద్దరూ రోడ్డుమీద పడతారు. నోటీసు పట్టుకుని, మరదల్ని తీసుకుని, ఉన్నపళంగా రా!”

పన్నెండూ నలభైకి వచ్చారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కాలో పెళ్లికొడుకులా ఉన్నాడు.

“ఈ సింగారం ఎవరికోసంరా?”

“దర్జీ నలిగిన చొక్కాతో తిరిగితే పరువుంటుందా అక్కా?”

అధికారిణి నోటీసును, దరఖాస్తును పక్కపక్కన పెట్టి చూసింది. “ఇందులో ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. అందులో మీరు ఇబ్బంది లేదంటున్నారు. రెండూ పొసగడం లేదండీ. మీ నోటితో చెప్పండి, ఇల్లెలా గడుస్తోంది?”

గడియారం పన్నెండూ యాభై చూపుతోంది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

“ఏదో మీబోటివాళ్ల దయవల్ల నడుస్తోందండీ.”

ఆమె కలం ఆగిపోయింది. బల్ల కింద నేను వాడి కాలు తొక్కాను. ఈలోగా మరదలు లేచి నిలబడింది.

“మేడమ్, ఈయన్ని పులి నోట కరుచుకుపోతుంటే దారిలో ఎవరైనా పలకరించారనుకోండి, ‘అలా షికారుకెళ్తున్నానండీ’ అంటాడు! నన్నడగండి. కుట్టుమిషను అమ్మేశాం. ఒక్కపూటే వండుతున్నా. డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర రోజు విడిచి రోజు మింగుతున్నాడు.”

మాత్రల సంగతి నాకూ తెలియదు. నేను వాడివైపు తిరిగాను. వాడు తల వంచుకున్నాడు.

“నిజమేనండీ,” అన్నాడు చివరికి. “నడవడం లేదు. ఏమీ నడవడం లేదు.”

ఆమె అదే మాట రాసుకుని, తమ్ముడి చేత ఎడమచేత్తో సంతకం పెట్టించి, ఫైలుకు ఎర్రచీటీ గుచ్చి స్వయంగా లోపలి గదికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఒంటిగంటకు నాలుగు నిమిషాలు తక్కువ. “చేరిందండీ,” అంది. మరదలు నా భుజం పట్టుకుని ఊపేసింది.

బుధవారం ఫోన్ వచ్చింది: భృతి మంజూరైంది, దరఖాస్తు పెట్టిన నెల నుంచీ లెక్క. అయితే సొమ్ము చేతికందేది సోమవారం. ఇల్లు వదలాల్సింది శుక్రవారం. అందుచేత మంజూరు ఉత్తరం తెచ్చుకుని, ముగ్గురం మేడమీద ఉంటున్న ఇంటాయన తలుపు తట్టాం. నేను నోరు తెరవబోతుంటే తమ్ముడు వారించాడు.

“నేను చెప్తానక్కా. అయ్యా, నా దగ్గర ఏమీ లేదు. ఈ ఉత్తరం ఉంది. సోమవారం దాకా ఆగండి.”

ఇంటాయన ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, వాడిమీద విరుచుకుపడ్డాడు.

“ఎప్పుడడిగినా ‘ఏ ఇబ్బందీ లేదండీ, వచ్చేవారం’ అన్నావు కదయ్యా! నీ కుట్టుపని కొట్టు ఇంకెవరో నడుపుతున్నారనుకున్నా. ఇబ్బంది లేనివాడు అద్దె ఎగ్గొడుతుంటే ఒళ్లు మండదా? ఈ ముక్క ముందే అనుంటే నోటీసెందుకిస్తాను?”

ఒకే జవాబు రెండు చోట్ల చెప్పిన ఫలితం అది: ఒకచోట దరఖాస్తు ఆగింది, మరోచోట నోటీసు పుట్టింది. ఇంటాయన ఆ నోటీసు మీదే ‘రద్దు’ అని రాసి సంతకం పెట్టాడు. మరదలు దాన్ని చేతిలోంచి లాక్కున్నంత పనిచేసి మెట్లు దిగింది. మేం నెమ్మదిగా కిందికి చేరేటప్పటికే, ఇల్లు వదలడానికి కట్టిన మూటలు విప్పి, వీధంతా వినబడేటట్టు గిన్నెలు సర్దుతోంది.