ఇతరుల పేజీలో పెద్దక్క

కుక్క ఫొటో పక్కన తన ఫొటో కనపడేసరికి పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కుక్క మీద ఆమెకేం కోపం లేదు. కోపమంతా ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టిన చిన్నోడి మీద. చిన్నోడంటే పసివాడేం కాదు, నలభై దాటిన ఆఖరి తమ్ముడు. ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు కాబట్టి ఇంట్లో ప్లగ్గున్న ప్రతి వస్తువు గురించీ అతని మాటే చివరి మాట.

పెద్దక్క దర్జీ. అమ్మానాన్నలు పోయాక ఇరవై రెండేళ్ళకే కుట్టుమిషను ముందు కూర్చుని ఇద్దరు తమ్ముళ్ళనీ, ఒక చెల్లెల్నీ పెంచి, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. తన పెళ్ళి సంగతి ఎత్తడానికి ఎవరికీ తీరిక దొరకలేదు, ఆమెతో సహా. తలో చోటా పెరుగుతున్న పిల్లలకు తమవాళ్ళెవరో తెలియాలని కుటుంబానికో వెబ్‌సైటు పెట్టాలనుకుంది. "నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యే సాఫ్ట్‌వేర్ ఒకటి చూసిపెట్టరా, మిగతాది నేను చేసుకుంటాను" అని మాత్రమే అడిగింది. వాడు చూసిపెట్టడం కాదు, వారం తిరక్కుండా సైటంతా తనే చేసిపారేసి, చుట్టాలందరికీ పంపించేశాడు కూడా.

కుట్టడానికిచ్చిన ప్యాంటు తీసుకుపోదామని ఆ సాయంత్రం చిన్నోడు దుకాణానికి వస్తే, పెద్దక్క ఫోను అతని మొహానికి అడ్డం పెట్టింది.

"ఏమిట్రా ఇది?"

"అన్నింట్లోకీ సులువైంది అక్కా. పేర్లు కొడితే చాలు, వంశవృక్షం అదే గీసేస్తుంది."

"గీసింది సరే. అందులో నేనెక్కడ?"

"ఉన్నావుగా. కింద 'ఇతరులు' అని ఉంటుంది, నొక్కు."

"నొక్కాను. నేనూ, మీ కుక్కా, ఎప్పుడో అమ్మేసిన స్కూటరూ ఉన్నాం."

"అది దాని పద్ధతక్కా. జంటకో గడి ఇస్తుంది. ఒక్కరే ఉంటే గడి రాదు. నేను కావాలని చేశానా?"

"నువ్వు బడికెళ్ళే రోజుల్లో కొన్న నిక్కరు ఒక్కటీ నీ నడుము మీద నిలిచేది కాదు. నిక్కరుకి సరిపోలేదని నిన్ను బయట నిలబెట్టానా? నీకు సరిపోయేది కుట్టాను."

"ఇప్పుడు మార్చాలంటే మొదట్నుంచీ చెయ్యాలి. అయినా ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారులే."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. పెద్దక్క అతని ప్యాంటును ఉండచుట్టి బల్ల కిందకు విసిరింది. "ఇది ఎప్పుడవుతుందో నాకే తెలీదు. అయ్యేదాకా ఈ గడప తొక్కకు" అంది.

మర్నాటి నుంచి కుట్టుపని మధ్యలో తనే సాఫ్ట్‌వేర్లు వెతకడం మొదలుపెట్టింది. మొదటిది ఏమీ చూపించకుండానే యాభై ప్రశ్నలు అడిగింది. రెండోదాని నిండా పళ్ళికిలించే పరాయివాళ్ళ ఫొటోలు, ఒకటి తీసేస్తే ఇంకొకటి వచ్చి కూర్చునేది. రెంటినీ నోరారా తిట్టి మూసేసింది. మూడోది తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది. గడుల్లేవు, గీతల్లేవు. ఫొటోను వేలితో ఎక్కడికి జరిపితే అక్కడ ఉంటుంది. కత్తిరింపు బల్ల మీద కొత్త గుడ్డ పరిచినట్టుంది. ఇదీ నాక్కావాల్సింది అనుకుంది.

వృక్షం జోలికి పోలేదు. కొలతల పుస్తకం బయటికి తీసింది. ముప్ఫై ఆరేళ్ళుగా ఇంట్లోవాళ్ళందరి కొలతలూ అందులో ఉన్నాయి, మనిషికో పేజీ. ఒక్కొక్కరి ఫొటో పెట్టి దాని కింద భుజం, ఛాతీ, నడుము ఏ వయసులో ఎంతో కొట్టుకుంటూ పోయింది. ఆరేళ్ళప్పుడు చిన్నోడి నడుము ఇరవై అంగుళాలు, ఇప్పుడు నలభై ఒకటి. ఆ నలభై ఒకటిని కాస్త కసిగా, లావు అక్షరాల్లో కొట్టింది. మరదళ్ళకూ, మరిదికీ, పిల్లలకూ పేజీలు వచ్చాయి. చలికాలం కోటు కుట్టినప్పటి కొలతలుంటే కుక్కకూ ఒకటి వచ్చింది.

ఆఖరున తన ఫొటో పెట్టుకుని పుస్తకం తిరగేసింది. ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చూసింది. తన పేజీ లేదు. మిగిలిన గుడ్డలతో, కంటి అంచనాతో కుట్టుకుని తొడుక్కున్న మనిషికి కొలతలెందుకుంటాయి? కుక్కకున్న పేజీ తనకు లేదు. చిన్నోడైనా ఏదో ఒక మూల పెట్టాడు, తను ఆ మాత్రం కూడా పెట్టుకోలేదు. తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది. చేతికందిన దారపుకండెను గోడకేసి కొట్టి, చిన్నోడికి ఫోను చేసింది.

"రా."

"ప్యాంటు అయిందా?"

"కాలేదు. నువ్వు రా."

వచ్చాక అతని చేతిలో టేపు పెట్టింది.

"కొలువు."

"ఎవర్ని?"

"నన్ను."

వందసార్లు ఆమె ముందు నిలబడి కొలతలిచ్చినవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. టేపు ఆమె భుజం మీద ఆనించి, "నలభై ఆరున్నర" అన్నాడు.

"నేనేమన్నా తలుపునా? తిరగేసి పట్టుకున్నావు. మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. "పదమూడున్నర" అని, టేపును ఇంకోసారి సరిచూసుకున్నాడు. "ఇంత చిన్నగా ఉంటావని నాకు తెలీదక్కా."

పెద్దక్క కోపం తగ్గలేదు. "మాటలొద్దు, రాయి. కొత్త పేజీలో రాయి" అని పుస్తకం అతని ముందుకు తోసింది. "పైన పెద్దక్క అని పెట్టు."