దూది డబ్బా

పైపు కీలు మీద కుంచెతో సబ్బునీళ్లు పూసి, గాలి మేస్త్రి వంగి చూశాడు. నురగ బుడగలు బుడగలుగా పొంగింది. "ఇక్కడున్నావా, దొంగా!" అంటూ పానాతో ఒక్క చుట్టు బిగించాడు. బుడగలు ఆగిపోయాయి. పొద్దున్నే కంప్రెసరు గదిలో బయల్దేరి సీసాలు ఆరబెట్టే చోటి దాకా ఇలా పైపు వెంబడి నడవడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడి చెంప మీద నూనె మరక పుట్టుమచ్చలా స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకం దాటి బయటికి రాదు. అందరికీ గాలి మేస్త్రే.

పైపు ఆ చివర మందు సీసాల లైను. మూత బిగించి కడిగిన సీసాలు వరసగా వస్తాయి. లేబులు అంటించే ముందు వాటి తడి పోవాలి. దానికని ఎనిమిది సన్నటి గొట్టాల్లోంచి కంప్రెసరు గాలి బుస్సుమంటూ కొడుతుంది. బుస్సుమనడం అంటే మామూలుగా కాదు, చెవిలో మేకు దిగ్గొట్టినట్టే. పక్క స్తంభానికి ఒక రేకు డబ్బా, అందులో దూది. పనిలోకి వచ్చే ఆడవాళ్లు చిటికెడు తుంచుకుని చెవుల్లో కుక్కుకుంటారు.

ఆ డబ్బా తగిలించింది మేస్త్రి భార్య. పద్దెనిమిదేళ్లు ఆ గొట్టాల ముందు నిలబడింది మహాతల్లి. దూది ఏపాటి ఆపుతుంది? ఇప్పుడు వీధి తలుపు దబదబా బాదినా తిరిగి చూడదు. మేస్త్రి ఆవిడతో వేళ్లతో, కనుబొమలతో మాట్లాడతాడు. ఆవిడ మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచి బదులిస్తుంది. ఆయనకి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఏడుపూ వస్తుంది.

ఇప్పుడు అదే చోట వాళ్ల కూతురు నిలబడుతోంది. చేరి రెండేళ్లు. ఈమధ్య ఇంట్లో ఏ మాటన్నా "ఆఁ? ఏంటి నాన్నా?" అని రెండోసారి అడుగుతోంది. అది మొదట విన్న రోజు ఆయనకి అన్నం సహించలేదు.

మర్నాడే సూపర్వైజరు ముందు నిలబడ్డాడు. "తడి ఆరబెట్టడానికి కంప్రెసరు గాలి దేనికండీ? పెద్ద ఫ్యాను లాంటి బ్లోయరు పెట్టండి. జోరు తక్కువ, గాలి ఎక్కువ. కరెంటూ కలిసొస్తుంది, పిల్లల చెవులూ మిగుల్తాయి."

సూపర్వైజరు నవ్వాడు. "పెద్ద కంప్రెసరు తిరిగేదే ఈ లైను కోసం. అది ఆగితే నీకు పనేముంటుందయ్యా? కూచున్న కుర్చీ కాళ్లు నువ్వే కోసుకుంటావా?"

"కోసుకుంటానండి. రంపం నా దగ్గరే ఉంది."

ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగితే బ్లోయరు వచ్చింది, అదీ మూడు రోజుల పరీక్షకి. మొదటి రెండు రోజులూ సీసాలు చెమ్మగానే వచ్చాయి. లేబుళ్లు జారిపోయాయి. మళ్లీ గొట్టాలే తిప్పాల్సొచ్చింది. ఇవాళ మూడో రోజు, మళ్లీ బ్లోయరే పెట్టారు. సాయంత్రం దాన్ని వెనక్కి తీసుకుపోవడానికి లారీ వస్తుంది. తాడో పేడో ఈలోపలే తేలాలి.

పూట గడిచింది. లేబుళ్లు జారుతూనే ఉన్నాయి. భోజనాల వేళ మేస్త్రి డబ్బాలో కొత్త దూది కూరాడు. వేలి నూనె ముద్రలా అంటింది. విసుక్కుని, గోడవార కూర్చుని క్యారేజీ విప్పాడు.

కూతురు చేతులు కడుక్కొచ్చింది. తుడుచుకోడానికి గుడ్డ కనపడక, తిరుగుతున్న బ్లోయరు గాలి బయటికొచ్చే చీలిక ముందు చేతులు చాపింది. జానెడు దూరంలో నీళ్లు వణికాయే గాని పోలేదు. "దీని మొహం!" అని చేతులు ఇంకా ముందుకు జరిపింది. రెండు వేళ్ల దూరంలోకి వచ్చేసరికి తడి తుడిచినట్టు పోయింది.

మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"ఓరి నా బుద్ధి మండా!" అన్నాడు. పాత గొట్టాలున్న స్టాండుకే ఈ చీలికలు బిగించమని ఫిట్టర్లకి వేలు పెట్టి మరీ చూపించింది ఆయనే. కంప్రెసరు గాలి జానెడు దూరం నుంచి కొట్టడం ముప్పై ఏళ్లుగా చూసిన కళ్లు ఇంకో కొలత అడగనే లేదు. బ్లోయరు గాలి దూరం నుంచి కొట్టలేదు, దగ్గరికెళ్లి తుడవాలి.

చీలికలు సీసాల దగ్గరికి జరుపుతానంటే సూపర్వైజరు ససేమిరా అన్నాడు. "అంత దగ్గర పెడితే సీసాలు తగిలి పగుల్తాయి!"

"ఊగకుండా పక్క పట్టీలు బిగిస్తాను. ఒక్కటి పగిలినా, బ్లోయరుని నేనే మోసుకెళ్లి లారీలో పెడతా."

రెండు గంటలు నేల మీద వెల్లకిలా పడుకుని పనిచేశాడు. కూతురు పానాలు అందించింది. నీళ్లు దాక్కునేది మూత అంచు కిందే కనక చీలికల్ని అటు వంచాడు. మోచిప్ప చెక్కుకుపోయింది. ఆయన చూసుకోలేదు.

లైను కదిలింది. లేబుళ్లు అంటించే అక్క మొదటి సీసా తీసి, బొటనవేలితో లేబులుని గట్టిగా తోసింది. మళ్లీ తోసింది. "కదిలితే ఒట్టు, మేస్త్రీ!" అని కేకేసింది. గంటసేపు తోస్తూనే ఉంది. ఒక్కటీ జారలేదు, ఒక్కటీ పగల్లేదు. లారీ ఖాళీగా పోయింది.

సూపర్వైజరు గొంతు తగ్గించాడు. "పెద్దదాన్ని ఆపాలి మరి. ఆ గదిలో ఇక మనిషి అక్కర్లేదని ఆఫీసు మాట. నీకు ముందే తెలుసు."

"తెలుసండి. నేనే ఆపుతా."

కంప్రెసరు లోడు తీసి, కాసేపు ఊరికే తిరగనిచ్చి, స్విచ్చి దించాడు. ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలాడు. దాని ఒంటి మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది. కళ్లు నిండాయి. రోజూ ఇంటికెళ్లే ముందు గాలిగొట్టంతో బట్టల దుమ్ము ఊదుకోవడం అలవాటు. అలవాటుకొద్దీ గొట్టం అందుకుని, మళ్లీ కొక్కేనికి తగిలించి, చేత్తోనే దులుపుకున్నాడు.

లైను దగ్గరికొచ్చి నిలబడిపోయాడు. సీసాలు ఒకదానికొకటి తగిలి టింగు టింగుమంటున్నాయి. ముప్పై ఏళ్లలో ఆ చప్పుడు ఆయన ఎన్నడూ వినలేదు.

"నాన్నా, అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" లైను అవతల నుంచి కూతురు అడిగింది. అరవలేదు, మామూలుగానే అడిగింది.

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు, ఆయనా మెల్లగానే. కూతురు తలూపింది. రెండోసారి అడగలేదు.

ఖాళీ క్యారేజీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఒక్కసారి వెనక్కి చూశాడు. సాయంత్రం షిఫ్టు ఆడవాళ్లు స్తంభం దగ్గర ఆగారు. దూది కోసం చెయ్యి పెట్టబోయిన ఒకామె చెవి ఒగ్గి విని, చెయ్యి వెనక్కి తీసుకుని ముందుకు నడిచింది. మిగతావాళ్లూ నడిచారు. మేస్త్రి గేటు దాటి వెళ్లిపోయాడు.

స్తంభం మీది డబ్బాలో దూది, ఆయన వేలి నూనె ముద్రతో సహా, కూరింది కూరినట్టే ఉంది.